గోల్ఫ్ క్లబ్బులో కాలర్ చొక్కా కన్నా ముఖ్యమైనవి

క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళు ముందు అడిగేది డ్రెస్ కోడ్ గురించే. కాలర్ ఉండాలా, జీన్స్ వేసుకోవచ్చా, షార్ట్స్ మోకాలి దాకా ఉండాలా అని. అది అర నిమిషంలో తేలిపోయే సంగతి. కాలర్ లేకుండా వచ్చినవాణ్ణి రిసెప్షన్ దగ్గరే ఆపేస్తారు, ప్రో షాపులో ఒక చొక్కా కొనుక్కుంటాడు, అంతటితో సరి. గ్రీన్ (హోల్ చుట్టూ నున్నగా కోసిన గడ్డి) మీద గుంటలు వదిలేసి, ఐదున్నర గంటలు ఆడి, సాయంత్రం తన మెంబర్ కార్డు బావమరిది చేతికిచ్చి పంపేవాణ్ణి మాత్రం ఎవరూ ఆపరు. కాకపోతే ఏడాది తిరిగేసరికి అతనితో నలుగురి గ్రూపు కట్టడానికి మనిషి దొరకడు. ఎందుకు దొరకడంలేదో కూడా ఎవరూ చెప్పరు, మనవాళ్ళకి మొహమాటం ఎక్కువ. ఆ చెప్పనివే ఇక్కడ రాస్తున్నాను.

2019కి ముందు గోల్ఫ్ రూల్స్ పుస్తకంలో మర్యాదలకి వేరే విభాగం ఉండేది. పుస్తకం మొదట్లోనే ఉన్నా చాలామంది పేజీ తిప్పేసేవారు. 2019లో రూల్స్ తిరగరాసినప్పుడు ఆ విభాగం తీసేసి సారాన్ని 1.2 రూల్‌లో పెట్టారు: నిజాయితీగా ఆడాలి, తోటివాళ్ళని పట్టించుకోవాలి, కోర్సుని, అంటే ఆట మైదానాన్ని, కాపాడాలి. దాంతోపాటు, క్లబ్ కమిటీ సొంతంగా ప్రవర్తనా నియమావళి రాసుకుని, తప్పినవాళ్ళకి స్ట్రోకుల (దెబ్బల) పెనాల్టీ వేసే వీలు కూడా ఇచ్చారు. బంకర్ (ఇసుక గుంట) సరిచేయకుండా వెళ్ళిపోతే ఒకప్పుడు ఓ చిరాకు చూపుతో పోయేది. ఇప్పుడు కమిటీ తలచుకుంటే స్కోరు కార్డు మీదికి ఎక్కుతుంది. గోల్కొండ నయా ఖిల్లాలో ఆడినా, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లో ఆడినా, విశాఖ ముడసర్లోవ దగ్గర ఆడినా, అలాంటి నియమావళి ఉందేమో నోటీసు బోర్డు మీద ముందే చూసుకోండి. ఆ రోజు ఏ గ్రీన్ మూసేశారో, బగ్గీలు ఎక్కడిదాకా వెళ్ళొచ్చో కూడా అక్కడే ఉంటుంది.

ఆలస్యం

క్లబ్బులో గొడవల్లో సగం దీని దగ్గరే పుడతాయి. లెక్క వేసి చూడండి. నలుగురు తలా 90 కొడితే మొత్తం 360 షాట్లు. షాటుకి పది సెకన్లు ఎక్కువ పట్టినా 3,600 సెకన్లు, సరిగ్గా గంట. తను స్లోగా ఆడుతున్నానని ఎవరూ ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే, పది సెకన్లు ఎవరికీ ఆనవు. టీ టైములు, అంటే ఆట మొదలుపెట్టే వేళలు, ఎనిమిది, పది నిమిషాల తేడాతో ఇస్తారు కాబట్టి ఆరున్నర గ్రూపు పోగొట్టిన పావుగంట ఎనిమిది గంటల గ్రూపు నెత్తిన పడుతుంది. ఏప్రిల్ నెల హైదరాబాద్ ఎండలో ఆఖరి మూడు హోల్స్ ఆడేవాళ్ళని అడిగితే ఆ పావుగంట విలువ చెబుతారు.

నలుగురు 18 హోల్స్ ఆడటానికి నాలుగు గంటలు, మహా అయితే నాలుగుంపావు పట్టాలి. మీరు వెనకబడ్డారో లేదో ముందున్న గ్రూపుని చూసి తేల్చుకోవాలి. "మా వెనక ఎవరూ ఆగలేదు కదా" అన్నది జవాబు కాదు. మీరు పార్ 4, అంటే నాలుగు దెబ్బల్లో ముగియాల్సిన హోల్, టీ (మొదటి షాట్ కొట్టే చోటు) మీదికి వచ్చేసరికి ముందువాళ్ళు ఆ హోల్ గ్రీన్ కూడా దాటి వెళ్ళిపోయి ఉంటే మీరు వెనకబడ్డట్టే. అప్పుడు పరుగులు పెట్టక్కర్లేదు, ఈ కింద చెప్పినవి చేస్తే రెండు హోల్స్‌లో సర్దుకుంటుంది.

మీ వంతు వచ్చాక 40 సెకన్లలో షాట్ కొట్టాలని రూల్స్ సూచిస్తాయి. ఆ 40 సెకన్లు సరిపోవాలంటే పక్కవాళ్ళు ఆడుతున్నప్పుడే దూరం చూసుకోవాలి, క్లబ్ (బంతి కొట్టే కర్ర) తీసుకోవాలి, గ్లవ్ వేసుకోవాలి. నలుగురూ కలిసి ఒక్కో బంతి దగ్గరికీ ఊరేగింపుగా వెళ్ళొద్దు, ఎవరి బంతి దగ్గరికి వాళ్ళు నడవాలి. బగ్గీలో ఇద్దరుంటే ఒకణ్ణి రెండు మూడు క్లబ్బులతో అతని బంతి దగ్గర దింపేసి రెండోవాడు తన బంతి దగ్గరికి పోవాలి. స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బల లెక్కతో ఆడే ఆట) ఎవరు సిద్ధంగా ఉంటే వాళ్ళు కొట్టేయడమే మంచిది, దూరంగా ఉన్నవాడే ముందు ఆడాలని పట్టుబట్టక్కర్లేదు. మ్యాచ్ ప్లేలో (హోల్ హోల్‌కీ గెలుపోటములు తేల్చే ఆట) మాత్రం వరసకి విలువ ఉంది, వంతు తప్పి కొడితే ఆ షాట్ రద్దు చేసి మళ్ళీ కొట్టమనే హక్కు ఎదుటివాడికి ఉంటుంది.

బంతి వెతకడానికి ఇప్పుడు మూడు నిమిషాలే, పాత ఐదు నిమిషాలు 2019తో పోయాయి. పొదల్లో పడిందని అనుమానం వస్తే టీ దగ్గరే ఇంకో బంతి కొట్టేయండి. కాకపోతే కొట్టే ముందు "ప్రొవిజనల్" (మొదటిది దొరక్కపోతేనే లెక్కలోకి వచ్చే బంతి) అని నోరారా అనాలి. "ఇంకోటి కొడతా" అని గొణిగి కొడితే అది ప్రొవిజనల్ కాదు. ఆ రెండో బంతే ఆటలో ఉన్నట్టు లెక్క, ఒక స్ట్రోక్ పెనాల్టీతో. మొదటి బంతి ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య కోసిన గడ్డి) మధ్యలో దొరికినా ఇక పనికిరాదు. వారాంతపు ఆటల్లో ఈ ఒక్క మాట దగ్గరే ఎన్నో స్నేహాలు చెడ్డాయి.

స్టేబుల్‌ఫోర్డ్, అంటే పాయింట్ల పద్ధతిలో, ఆడుతూ ఆ హోల్‌లో పాయింట్లు వచ్చే అవకాశం పోయిందంటే బంతి చేతిలోకి తీసుకోండి. మామూలు స్నేహపు ఆటలో కూడా హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే దెబ్బల రాయితీ) లెక్కలో ఒక హోల్‌కి గరిష్ఠ స్కోరు ఉంది: పార్, దాని మీద రెండు, ఆ హోల్‌లో మీకు వచ్చే హ్యాండిక్యాప్ స్ట్రోకులు. పార్ 4లో మీకు ఒక స్ట్రోక్ వస్తే 7. తొమ్మిదో, పదో దెబ్బకి నిలబడి ప్రాక్టీస్ స్వింగులు వేసేవాడు తన హ్యాండిక్యాప్‌కి చేసుకునే ఉపకారం ఏమీ లేదు.

వెనక గ్రూపు ఆగి ఉండి, మీ ముందు హోల్ ఖాళీగా ఉంటే పక్కకి జరిగి చెయ్యి ఊపి వాళ్ళని పంపించండి. ఇందులో పరువు పోయేదేమీ లేదు. పంపించాలని నిర్ణయించాక మాత్రం వాళ్ళు పూర్తిగా దాటేదాకా మీ బంతి ముట్టుకోకండి. సగంలో మనసు మార్చుకుని మీరూ కొట్టారంటే రెండు గ్రూపులూ ఒకే ఫెయిర్‌వే మీద ఇరుక్కుంటాయి.

టీ దగ్గర

కొట్టేవాడి వెనక, బంతి వెళ్ళే గీత మీద నిలబడకూడదు. కంటి కొసన కదలిక తగిలితే చాలు స్వింగ్ చెడిపోతుంది. అతనికి ఎదురుగా, ఛాతీ వైపు, నాలుగైదు అడుగులు వేసి దూరంగా ఉండండి, బంతి కన్నా ముందుకి మాత్రం రావద్దు. పొద్దున్న ఆరింటికి ఆడేవాళ్ళు నీడ కూడా చూసుకోవాలి. ఆ వేళ మనిషి నీడ ఇరవై అడుగులు సాగుతుంది, మీరు దూరంగా ఉన్నా మీ తల నీడ అతని బంతి మీద ఊగుతూ ఉంటుంది. గ్రీన్ మీద కూడా ఇదే తంటా.

ముందు గ్రూపు మీ దెబ్బకి అందని దూరం వెళ్ళేదాకా ఆగాలి. మీ సగటు దెబ్బతో కాదు, జీవితంలో బాగా తగిలిన దెబ్బతో కొలవండి. ఫెయిర్‌వే మీద గడ్డి కోసే మెషిన్ తోలే మాలీకి ఇంజను మోతలో మీ కేక వినబడదు. అతను మిమ్మల్ని చూసి చెయ్యి ఎత్తేదాకా కొట్టకండి. బంతి ఎవరివైపైనా వంకర తిరిగితే వెంటనే "ఫోర్" అని గట్టిగా అరవాలి. తగలదేమోలే అని ఆగి, ఆఖరి క్షణంలో అరవడం అరవకపోవడం కన్నా ప్రమాదం, ఎందుకంటే ఆ కేకకి మనిషి తల ఎత్తి చూస్తాడు. మీకు "ఫోర్" వినబడితే చూడకండి, తల చేతులతో కప్పుకుని వంగండి.

పోటీ రోజుల్లో టీ టైముకి పది నిమిషాల ముందే అక్కడ ఉండాలి. ఐదు నిమిషాల్లోపు ఆలస్యమైతే మొదటి హోల్ మీద రెండు స్ట్రోకులు, అది దాటితే డిస్‌క్వాలిఫికేషన్. ట్రాఫిక్ సాకు చెల్లదు.

గ్రీన్

గ్రీన్ మీద గడ్డి మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది, కోర్సులో ఎక్కువ ఖర్చయ్యేదీ దాని పోషణకే. పైనుంచి పడిన బంతి అక్కడ చిన్న గుంట చేస్తుంది, దాన్నే పిచ్ మార్క్ అంటారు. వెంటనే సరిచేస్తే కొద్ది రోజుల్లో కనబడకుండా పోతుంది. వదిలేస్తే అంచు గడ్డి ఎండి, వారాల తరబడి గోధుమరంగు మచ్చ మిగిలిపోతుంది.

సరిచేసేవాళ్ళలో కూడా సగం మంది తప్పుగా చేస్తారు. దీనికోసమే ఉండే చిన్న ఫోర్కుని గుంట మధ్యలో గుచ్చి కింది మట్టిని పైకి లేపుతారు. చూడటానికి చదునవుతుంది, కింద వేళ్ళు తెగిపోతాయి, రెండు రోజులకి ఆ చోటంతా చచ్చిపోతుంది. ఫోర్కుని గుంట లోపల కాకుండా అంచుకి కాస్త బయట, ఏటవాలుగా గుచ్చాలి. పిడిని పైకి లేపి, ముందుకి వంచుతూ, అంచు గడ్డిని మధ్యకి తోయాలి. పూర్ణం పెట్టాక చుట్టూ పిండిని మధ్యకి లాగి మూస్తాం చూడండి, సరిగ్గా అలా. గుంట చుట్టూ నాలుగైదు చోట్ల ఇలా చేసి, చివర్లో పటర్ (గ్రీన్ మీద వాడే క్లబ్) అడుగుతో మెల్లగా తట్టాలి. బంతి వచ్చిన దిశకి ఎదురు పక్క గడ్డి ఎక్కువ పోగుపడి ఉంటుంది కాబట్టి అక్కణ్ణుంచి మొదలుపెడితే సులువు. మొత్తం పదిహేను సెకన్ల పని. మీది అయ్యాక పక్కన ఎవరో వదిలేసినది ఇంకోటి కూడా సరిచేయండి. క్యాడీ చేస్తాడులే అనుకోవద్దు, అతనికి బ్యాగ్, ఫ్లాగ్, మీ తర్వాతి షాట్ దూరం అన్నీ చూడాలి. బూటు స్పైకుల గీతలు కూడా ఇప్పుడు పుటింగ్‌కి, అంటే గ్రీన్ మీద బంతిని హోల్ వైపు దొర్లించడానికి, ముందే చదును చేసుకోవచ్చు, 2019కి ముందు అది కుదిరేది కాదు.

ఎదుటివాడి బంతికీ హోల్‌కీ మధ్య గీత తొక్కకూడదని అందరికీ తెలుసు. హోల్ దాటాక ఆవలి రెండు మూడు అడుగులు తొక్కకూడదని మాత్రం చాలామందికి గుర్తుండదు. అతను కొట్టిన పట్ హోల్ దాటిపోతే తిరిగి ఆడాల్సింది ఆ చోటి నుంచే కదా. హోల్ వ్యాసం 108 మిల్లీమీటర్లు, దాని అంచు పగటిపూట ఎండకి ఇట్టే విరిగిపోతుంది. అందుకే హోల్‌లోంచి బంతిని పటర్ తలతో గీరి తీయకూడదు, పటర్ మీద బరువు వేసి వంగకూడదు, పాదం హోల్‌కి అడుగు దూరంలో ఉండేలా చూసుకుని చేత్తో తీయాలి. ఫ్లాగ్ ఉంచి పట్ చేయడం ఇప్పుడు తప్పు కాదు. తీస్తే మాత్రం విసిరేయకుండా గ్రీన్ బయట మెల్లగా పడుకోబెట్టండి. బ్యాగ్ గ్రీన్ మీద పెట్టకూడదు. గ్రీన్‌కి వచ్చేటప్పుడే దాన్ని తర్వాతి టీ వైపు ఉంచితే మళ్ళీ వెనక్కి నడవక్కర్లేదు. స్కోరు రాసుకోవడం ఆ తర్వాతి టీ దగ్గరే, హోల్ పక్కన నిలబడి వేళ్ళు మడుస్తూ కాదు.

గ్రీన్ మీద ఆగిన బంతిని కాకో కుక్కో ఎత్తుకుపోవడం మన కోర్సుల్లో వింతేమీ కాదు. అది చూసినా, దాదాపు ఖాయంగా తెలిసినా, పెనాల్టీ లేకుండా ఇంకో బంతి అదే చోట పెట్టుకోవచ్చు. కుక్క వెనక పరిగెత్తక్కర్లేదు.

ఇసుక, గడ్డి, బగ్గీ

బంకర్‌లోకి బంతికి దగ్గరగా, పల్లంగా ఉన్న వైపు నుంచే దిగాలి. నిట్రంగా ఉన్న ముఖం మీదుగా దిగితే అది జారి కూలిపోతుంది, సరిచేయడానికి మాలీలు ఇద్దరికి పూట పని. షాట్‌కి ముందు క్లబ్ బంతికి సరిగ్గా ముందో వెనకో ఇసుకకి తగిలినా, ప్రాక్టీస్ స్వింగులో ఇసుక తాకినా రెండు స్ట్రోకులు. అయిపోయాక వచ్చిన దారినే వెనక్కి నడుస్తూ రేక్ చేయాలి, ఒకసారి లాగుతూ ఒకసారి తోస్తూ. అందరూ తమవైపుకే లాగుతూ పోతే ఇసుకంతా అంచుకి చేరి, మధ్యలో గట్టి నేల తేలుతుంది. మన బంకర్లలో ఎక్కువగా జరిగేది ఇదే, కొట్టినవాడు మాత్రం ఇసుక తక్కువ వేశారని కమిటీని తిడతాడు.

ఐరన్ షాట్‌తో లేచిన గడ్డి పెళ్ళని డివట్ అంటారు. టీవీలో చూసి చాలామంది దాన్ని తెచ్చి గుంటలో పెట్టి తొక్కుతారు. చల్లటి దేశాల గడ్డికి అది బాగానే పనిచేస్తుంది. మన దగ్గర ఎక్కువగా ఉండే బెర్ముడా రకం పక్క నుంచి తీగలా పాకి గుంట పూడ్చుకుంటుంది. తెచ్చిపెట్టిన పెళ్ళ రెండు రోజుల్లో ఎండి, గాలికి లేచిపోతుంది. కాబట్టి సీసాలోనో సంచీలోనో ఇచ్చే ఇసుక పోసి, నేలకి సమానంగా బూటుతో చదును చేయండి. కుప్పగా పోస్తే గడ్డి కోసే మెషిన్ బ్లేళ్ళు మొండివైపోతాయి. ప్రాక్టీస్ స్వింగులో గడ్డి పెళ్ళగించకుండా ఉంటే ఈ పని సగం తగ్గుతుంది.

బగ్గీని గ్రీన్‌కి, టీకి దగ్గరగా, ముఖ్యంగా గ్రీన్‌కీ పక్క బంకర్‌కీ మధ్య సందులోంచి తోలకండి. నేల ఆరి ఉన్నప్పుడు కూడా దారి మీదే వెళ్ళి, బంతికి ఎదురుగా వచ్చాక దారికి అడ్డంగా, తిన్నగా ఫెయిర్‌వేలోకి తిరిగి, అలాగే దారి మీదికి రావాలి. వానాకాలంలో దారి వదలకూడదని బోర్డు పెట్టారంటే వదలకూడదంతే. తడి నేల మీద చక్రాల గాడి పడితే ఆ సీజనంతా ఉండిపోతుంది. పదేళ్ళ పిల్లాడికి సరదాగా స్టీరింగ్ ఇవ్వడం మన దగ్గర మామూలైపోయింది, బగ్గీ బోల్తాపడితే కాలు దాని కిందే ఉంటుంది.

పిడుగుల సైరన్ మోగితే ఆ షాట్ కూడా కొట్టకూడదు. కమిటీ ఆట వెంటనే ఆపమన్నాక కొట్టినవాడు డిస్‌క్వాలిఫై అవుతాడు. చెట్టు కిందా, బగ్గీలోనూ రక్షణ లేదు. క్లబ్ హౌస్, లేదంటే అద్దాలు మూసిన కారు. మే నెల మధ్యాహ్నాలు, రుతుపవనాలకి ముందు వచ్చే గాలివానలు గుర్తుంచుకోండి.

క్యాడీ, స్కోరు కార్డు

క్యాడీ చెప్పింది విని మీరు కొట్టారు, బంతి నీళ్ళలో పడింది. అది మీ షాటే. అతన్ని నలుగురిలో తిట్టేవాడితో ఆడటానికి మంచి క్యాడీలు రారు, క్యాడీ మాస్టర్ దగ్గర మీ పేరు వినబడగానే మాయమైపోతారు. కూలి క్లబ్ నిర్ణయించినదే ఇవ్వాలి. పైన ఇచ్చేది మీ ఇష్టం, కాని మీరొక్కరే మూడింతలు ఇస్తే మిగతా మెంబర్లకి చిక్కు. తొమ్మిది హోల్స్ తర్వాత మీరు టీ తాగేటప్పుడు అతనికీ నీళ్ళు, ఏదైనా తిండి ఇప్పించడం ఎవరూ రాయని ఆచారం. మీరు బంతి దగ్గర నిలబడే సమయంలో మీ వెనక నిలబడి గురి సరిచూడటం మాత్రం 2019 నుంచి నిషిద్ధం, పాత క్యాడీలు కొందరు అలవాటు కొద్దీ నిలబడతారు. మీరే పక్కకి పంపాలి.

హ్యాండిక్యాప్ ఇప్పుడు ఆఖరి 20 స్కోర్లలో మంచివి 8 తీసుకుని లెక్కిస్తారు. అందుకే బాగా ఆడిన రోజు కార్డు జేబులో పెట్టుకుని, చెడిన రోజు కార్డులు మాత్రం జమ చేసేవాడి మోసం కొన్నాళ్ళకి అంకెల్లోనే బయటపడుతుంది. హ్యాండిక్యాప్ 22 అని చెప్పి క్లబ్ పోటీలో 79 కొట్టినవాడి ట్రోఫీకి చప్పట్లు చాలా పల్చగా పడతాయి. కార్డు ఆడిన రోజే ఇవ్వండి, సంతకాలు మీదీ, మీ స్కోరు రాసినవాడిదీ ఉండాలి.

క్లబ్ హౌస్ లోపల

బూట్లకి మట్టి, గడ్డి ఉంటే గుమ్మం దగ్గర ఉన్న బ్రష్షుతోనో గాలి గన్‌తోనో దులుపుకుని రావాలి. కారు డిక్కీ తెరిచి పార్కింగ్‌లో బూట్లు మార్చుకోవడం చాలా క్లబ్బుల్లో బాగుండదు, అందుకే లాకర్ రూమ్ ఉంది. లోపల టోపీ తీసేయాలి. తడి బూట్లు లాకర్‌లో మూసి వెళ్ళిపోతే వారం తర్వాత వాసన భరించాల్సింది పక్క లాకర్‌వాడు. ఈత కొట్టి వచ్చినవాళ్ళు తడి బట్టలతో లౌంజ్ సోఫాల మీద కూర్చోకూడదు. ఫోన్ సైలెంట్‌లో ఉండాలి, మాట్లాడాలంటే వరండాలోకి వెళ్ళాలి. స్పీకర్ ఆన్ చేసి డైనింగ్ హాలు మొత్తానికి వినిపించే బేరసారాలు ఈ మధ్య అన్నిటికన్నా పెద్ద బెడద.

డ్రెస్ కోడ్ సంగతి ఎత్తాం కాబట్టి ఒక మాట. 2014లో చెన్నైలో పంచె కట్టుకు వచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని ఒక క్లబ్ లోనికి రానివ్వలేదు. ఆ ఏడాదే తమిళనాడు ప్రభుత్వం సంప్రదాయ దుస్తుల్లో వచ్చినవారిని క్లబ్బులు ఆపకూడదని చట్టం చేసింది. 2017లో ఢిల్లీలో ఒక గోల్ఫ్ క్లబ్ భోజనాల గదిలోంచి, ఖాసీ సంప్రదాయ దుస్తుల్లో అతిథిగా వచ్చిన మేఘాలయ మహిళని లేచి వెళ్ళమన్నారు, అది దేశమంతా రచ్చయింది. తమిళనాడు చట్టం ఆ రాష్ట్రం వరకే. మన దగ్గర పంచెలో ఉన్న పెద్దాయన్ని భోజనానికి తీసుకొస్తున్నారంటే ముందురోజే సెక్రటరీకి ఫోన్ చేయండి. నా మటుకు కోర్సు మీద కాలర్, మడమ లేని బూట్లు అడగటంలో అర్థం ఉంది. భోజనాల గదిలో పంచెని ఆపడంలో ఏమీ లేదు. కాని దాన్ని జనరల్ బాడీ మీటింగులో మార్చాలి, గుమ్మం దగ్గర నౌకరీ చేసుకునే కుర్రాడితో వాదించి కాదు.

అసలు చిక్కులన్నీ అతిథుల దగ్గరే వస్తాయి. అతిథి రాకముందే మెంబర్ అక్కడ ఉండాలి, రిజిస్టర్‌లో పేరు రాసి సంతకం పెట్టాలి. "నా పేరు చెప్పి లోపల కూర్చో, అరగంటలో వస్తా" అన్నది రిసెప్షన్‌వాళ్ళని ఇరకాటంలో పెట్టడం. ఆపితే మీకు కోపం, వదిలితే కమిటీకి కోపం. అతిథి వెళ్ళేదాకా మీరూ ఉండాలి. అతను ఏం పగలగొట్టినా, ఎవరిని ఏమన్నా సంజాయిషీ మీదే. ఒకే అతిథిని నెలలో ఇన్నిసార్లే తేవాలని, శని ఆదివారాలు పొద్దున్న అతిథులకి టీ టైములు లేవని చాలా క్లబ్బుల్లో పరిమితులు ఉంటాయి. కారణం తేలికే. ప్రతివారం అదే మనిషి వస్తున్నాడంటే ప్రవేశ రుసుం కట్టకుండా మెంబర్ అయిపోయినట్టే కదా. కార్డు తమ్ముడికో బావమరిదికో ఇవ్వడం అంతకన్నా ఘోరం, సస్పెన్షన్ దాకా వెళ్ళే తప్పు. కొడుకులు, కూతుళ్ళ డిపెండెంట్ కార్డులకి వయసు పరిమితి ఉంటుంది, అది దాటాక పాత కార్డు మీదే ఆడుతూ ఉండటం కూడా ఇందులోకే వస్తుంది.

అతిథి బిల్లు కడతానని ఎంత పట్టుబట్టినా కట్టలేడు. చాలా క్లబ్బుల్లో అతిథి దగ్గర నగదు తీసుకోరు, మెంబర్ కార్డు మీదో చిట్ మీదో రాస్తారు. సంతకం పెట్టే ముందు చిట్ చదవండి. నెలాఖరు బిల్లు చూసి "మేం నాలుగే తాగాం" అని అకౌంట్స్‌వాళ్ళతో గొడవపడేటప్పుడు మీ సంతకమే మీకు ఎదురు సాక్షి. గడువులోపు కట్టకపోతే బాకీదార్ల జాబితాలో పేరు నోటీసు బోర్డు ఎక్కుతుంది, అప్పటికీ కట్టకపోతే కార్డు ఆగిపోతుంది. ఊళ్ళో లేకపోయినా నెలవారీ చందా, కొన్నిచోట్ల కనీస ఖర్చు కూడా పడుతూనే ఉంటాయి. అమెరికా వెళ్ళి ఆర్నెల్లు ఉండేవాళ్ళు వెళ్ళే ముందే రాసిచ్చి, మినహాయింపు ఉందేమో కనుక్కోవాలి, తిరిగొచ్చాక కాదు.

బయటి సీసాలు బార్‌లోకి తేకూడదు. అది క్లబ్ పిసినారితనం కాదు, ఎక్సైజ్ లైసెన్స్ సంగతి. తనిఖీలో దొరికితే లైసెన్స్ పోయేది క్లబ్‌ది. డ్రై డే నాడు క్లబ్ బార్ కూడా మూతే, బేరర్‌ని బతిమాలి లాభం లేదు. పిల్లల్ని బార్‌లోకి తీసుకురాకూడదు, కూల్ డ్రింక్ కోసమైనా సరే.

బేరర్‌కి చేతిలో డబ్బు పెట్టడం చాలా క్లబ్బుల్లో నిషిద్ధం. పెట్టేవాడి టేబుల్‌కి ముందు, పెట్టనివాడికి తర్వాత అన్న వరస మొదలైతే క్లబ్ హోటలైపోతుంది. దసరాకో దీపావళికో స్టాఫ్ ఫండ్‌లో వేయండి. వేపుడులో ఉప్పెక్కువైతే బేరర్ మీద అరవకండి, అతను మీకు తిరిగి సమాధానం చెప్పలేడు. రిసెప్షన్‌లో ఫిర్యాదుల పుస్తకం ఉంటుంది. తేదీ, సమయం, వంటకం, చిట్ నంబర్ రాయండి. "సర్వీస్ దరిద్రం" అని రాస్తే కమిటీ చేయగలిగింది ఏమీ ఉండదు. అదే "ఆదివారం ఎనిమిదిన్నరకి ఆర్డర్ ఇస్తే తొమ్మిదీ ఇరవైకి వచ్చింది" అని రాస్తే వంటగదిలో ఎంతమంది ఉన్నారో చూస్తారు.

హాలు బుక్ చేసి ఇంటి ఫంక్షన్ పెట్టుకునేవాళ్ళు మూడు సంగతులు ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. బయటి క్యాటరర్‌ని రానిస్తారా, అతిథుల సంఖ్య దాటితే తలకి ఎంత వేస్తారు, డెకరేషన్‌వాళ్ళు ఎన్నింటికి లోపలికి రావచ్చు. రాత్రి పది తర్వాత ఆరుబయట లౌడ్ స్పీకర్ చట్టప్రకారమే కుదరదు, డీజేకి ఆ సంగతి అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే చెప్పండి. ఫోటోగ్రాఫర్‌ని గ్రీన్ల వైపు పోనివ్వకండి. ప్రీ వెడ్డింగ్ షూట్‌లో హై హీల్స్ వేసుకుని గ్రీన్ మీద పది నిమిషాలు తిరిగితే పడే చిల్లులు పిచ్ మార్కుల కన్నా లోతుగా ఉంటాయి, ఫోర్కుతో పూడ్చడం కుదరదు.

ఇతర ఊళ్ళలో ఒప్పందం ఉన్న క్లబ్బులకి వెళ్ళేటప్పుడు మీ సెక్రటరీ దగ్గర పరిచయ పత్రం తీసుకెళ్ళండి, మీ కార్డు కూడా వెంట ఉండాలి. రెండు మూడు రోజుల ముందు ఫోన్ చేసి ఆ వారం పోటీలేవైనా ఉన్నాయేమో, టీ టైము దొరుకుతుందో అడగండి. 1829 నాటి రాయల్ కలకత్తా లాంటి పాత క్లబ్బుల్లో భోజనాల గది నియమాలు మన దగ్గరకన్నా బిగుతుగా ఉండొచ్చు, అవీ ఆ ఫోన్‌లోనే కనుక్కోండి. అక్కడ మీ సొంత అతిథుల్ని తీసుకెళ్ళే హక్కు సాధారణంగా ఉండదు. బిల్లు అక్కడే, ఆ రోజే కట్టేసి రండి. బాకీ పెట్టి వస్తే వాళ్ళు ఉత్తరం రాసేది మీకు కాదు, మీ క్లబ్‌కి. అలాంటివి రెండు మూడు పోగైతే ఒప్పందమే రద్దు చేస్తారు, మీతోపాటు మిగతా మెంబర్లందరికీ ఆ తలుపు మూసుకుపోతుంది.